పొగగొట్టాల పక్కనే పవర్ హాలిడే: నెల్లూరు, ప్రకాశం తీరంలో ఇంధన భద్రతకు ఏం తక్కువైంది?

2022 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే మొదలైంది. ఆపకుండా నడిచే ఫ్యాక్టరీలు రోజువారీ వాడకంలో సగంతో సరిపెట్టుకోవాలన్నారు. మిగతావాటికి వారాంతపు సెలవుకు తోడు మరో రోజు కూడా కరెంటు బంద్ అన్నారు. ముదిరిన ఎండలు, పెరిగిన వాడకం, దేశమంతటా బొగ్గు కొరత, కరెంటు కొనీ అమ్మే ఎక్స్ఛేంజీలో మండిపోతున్న ధరలు అని చెప్పిన కారణాలన్నీ నిజమే. కానీ ఆ ఉత్తర్వు నెల్లూరు జిల్లాకూ వర్తించింది. అప్పటికే కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు రెండు, ప్రైవేటు రంగంలో 660 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు తీరంలోనే 4,240 మెగావాట్ల సామర్థ్యమన్నమాట. ఆ పొగగొట్టాలు కనిపించే దూరంలో ఉన్న రైస్ మిల్లుకూ సెలవే.

దీనికి ప్రభుత్వాన్నో కంపెనీలనో తిట్టిపోయడం తేలిక. అసలు లోపం వేరే చోట ఉంది. ఈ తీరంలో ప్రభుత్వమూ వ్యాపారమూ కలిసి పనిచేసింది కట్టడం వరకే. భూమి ఇప్పించడం, అనుమతులు తెప్పించడం, రోడ్డు వేయడం, శంకుస్థాపన చేయడం వరకు సహకారానికి లోటు లేదు. నడిపేటప్పుడు, అందులోనూ కొరత వచ్చిన రోజున, ఎవరు ముందు ఆగాలి, ఆగినందుకు ఎవరికి ఎంత దక్కాలి, బొగ్గు నిల్వ ఎంతుందో ఎవరికి ముందుగా తెలియాలి అన్నవాటి మీద రెండు పక్షాలూ కూర్చుని రాసుకున్న కాగితం లేదు. ఆ రోజున ఉత్తర్వు వస్తుంది, అంతే.

ఎవరి కరెంటు

"మా ఊళ్లో తయారయ్యే కరెంటు మాకే లేదు" అన్న మాట ముత్తుకూరు ప్రాంతంలో తరచూ వినిపిస్తుంది. సాంకేతికంగా చూస్తే ఇది సగమే నిజం. తీగల్లో కరెంటు దగ్గరున్న లోడుకే, అంటే వాడకానికే, ముందు పారుతుంది. నెల్లూరు సబ్‌స్టేషన్‌కు అందే విద్యుత్తులో ఎక్కువ భాగం ఆ తీరంలో పుట్టినదే అయ్యుంటుంది. కానీ లెక్క తీగల్లో తేలదు, ఒప్పందాల్లో తేలుతుంది. ఏ పదిహేను నిమిషాల్లో ఏ ప్లాంటు ఎంత తయారు చేయాలి, ఏ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఎంత వాడుకోవాలి అన్నది ముందురోజే షెడ్యూల్ అవుతుంది. షెడ్యూల్‌కు మించి లాగితే డీవియేషన్ చార్జీలు పడతాయి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోతుంటే విజయవాడలోని లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్ ఆదేశం వస్తుంది. లైన్‌మన్ల నోట అది "ఈఎల్ఆర్". ఆ మాట రాగానే ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్లు, అంటే ఫీడర్లు, వరసగా ఆగుతాయి. ఏ ఫీడరు ప్లాంటుకు ఎంత దగ్గరన్నది అక్కడ ఎవరూ చూడరు.

ప్రైవేటు ప్లాంట్ల సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టం. సింగపూర్‌కు చెందిన సెంబ్‌కార్ప్ చేతిలో పెరిగి, 2023లో ఒమన్ పెట్టుబడిదారుల చేతికి వెళ్లి, ఇప్పుడు సెయిల్ ఎనర్జీ ఇండియా పేరుతో నడుస్తున్న 2,640 మెగావాట్లలో తెలంగాణకు వాటా ఉంది. 250 మెగావాట్లు దీర్ఘకాలిక ఒప్పందం మీద బంగ్లాదేశ్‌కు రాసిచ్చారు. ఆంధ్రప్రదేశ్ డిస్కంలు 625 మెగావాట్లకు 12 ఏళ్ల ఒప్పందం కుదుర్చుకున్నది 2021 చివర్లో. అంటే ఈ 625 మెగావాట్ల విషయంలో రాష్ట్రం ఆలస్యంగా వచ్చిన కొనుగోలుదారు. ముందు వచ్చినవాళ్లతో కంపెనీ ఒప్పందం చేసుకుంటే తప్పు పట్టలేం.

2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో కలిసింది. అంతకుముందు దక్షిణాదిలో కొరత వస్తే చాలావరకు దక్షిణాదే సర్దుకోవాలి. 2012, 2013 నాటి పవర్ హాలిడేలు ఒంగోలు గ్రానైట్ యూనిట్ల వాళ్లకు ఇంకా గుర్తే. గ్రిడ్ కలిశాక ఉత్తరాది మిగులు ఇటు రావడం మొదలైంది, ఇక్కడి ప్లాంట్లకు దేశమంతా మార్కెట్ దొరికింది. లాభం రెండు వైపులా ఉంది. కానీ మార్కెట్ పెద్దదైన కొద్దీ, పక్కనే ప్లాంటు ఉందన్న ధీమాకు విలువ తగ్గింది. 2022 మార్చిలో ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 20 రూపాయలకు చేరింది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి దాన్ని 12 రూపాయలకు కట్టడి చేసేసరికి ఏప్రిల్ వచ్చింది. ఆ ధరకు కొనే స్తోమత మన డిస్కంలకు లేదు, కొందామన్నా దొరకలేదు.

రేవు ఒకటే, బొగ్గు ఒకటే

ఈ తీరంలో థర్మల్ కేంద్రాల పేర్లు వరసగా చెబితే బలంగా వినిపిస్తుంది. సంజీవయ్య కేంద్రానికి 2022 అక్టోబర్ 27న మూడో 800 మెగావాట్ల యూనిట్ తోడై 2,400 మెగావాట్లైంది. సెయిల్‌వి 2,640. తమ్మినపట్నంలో మీనాక్షి ఎనర్జీ 1,000, సింహపురి ఎనర్జీ 600. మొత్తం 6,640 మెగావాట్లు. రాష్ట్ర గరిష్ఠ డిమాండు ఇటీవలి ఏళ్లలో 13 వేల మెగావాట్ల దాకా వెళ్లిందని గుర్తు పెట్టుకుంటే, ఇది దాదాపు అందులో సగం. అయితే ఇది పేరుకు మాత్రమే ఉన్న సామర్థ్యం. 2022 వేసవిలో మూడో యూనిట్ ఇంకా మొదలుకాలేదు. సింహపురి, మీనాక్షి అప్పుల్లో మునిగి దివాలా ప్రక్రియలో ఉన్నాయి. తర్వాత సింహపురిని జిందాల్ పవర్, 2023లో మీనాక్షిని వేదాంత తీసుకున్నాయి. తమ్మినపట్నం ఉన్న చిల్లకూరు మండలం 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. బొగ్గు దిగేది మాత్రం అదే రేవులో.

ఇక్కడే చిక్కు. ఇన్ని ప్లాంట్లకూ ఆధారం ఒకే రేవు, ఒకే సరుకు. సంజీవయ్య కేంద్రానికి ఒడిశాలోని తాల్చేరు బొగ్గు రైల్లో పారాదీప్ చేరి, అక్కడి నుంచి ఓడలో కృష్ణపట్నం వస్తుంది. దానికి దిగుమతి బొగ్గు కలుపుతారు. ప్రైవేటు ప్లాంట్లకు దిగుమతి బొగ్గు అవసరం ఇంకా ఎక్కువ. 2008లో వాణిజ్యపరంగా మొదలైన రేవు 2020లో అదానీ చేతికి వచ్చింది. తుపాను కాలంలో ఓడలు బయటే ఆగినా, ఇండోనేషియా ఒక ఉత్తర్వు తీసినా ఆ దెబ్బ అన్ని ప్లాంట్లకూ ఒకేసారి తగులుతుంది. ఒకే బుట్టలో పెట్టిన గుడ్ల సంగతే ఇది.

ఇండోనేషియా ఉత్తర్వు ఊహ కాదు, చరిత్ర. కృష్ణపట్నంలోనే 3,960 మెగావాట్ల అల్ట్రా మెగా పవర్ ప్రాజెక్టును రిలయన్స్ పవర్ యూనిట్‌కు సగటున రూ.2.33 చొప్పున బిడ్ వేసి గెలిచింది. కరెంటు ఆంధ్రప్రదేశ్‌తో పాటు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలకు వెళ్లాలి. ఇండోనేషియా బొగ్గు చవకగా దొరుకుతుందన్న నమ్మకం మీద వేసిన ధర అది. 2010లో ఆ దేశం ఎగుమతి బొగ్గును అంతర్జాతీయ ధరలకు ముడిపెట్టింది. లెక్క తలకిందులైంది, 2011లో పని ఆగింది, మెగావాట్లు రాలేదు. కంపెనీ దురాశ అన్నవాళ్లున్నారు, ప్రభుత్వ కాఠిన్యం అన్నవాళ్లున్నారు. ఒప్పందం చదివితే తేలేది మరొకటి: విదేశీ చట్టం మారి ఇంధనం ధర పెరిగితే ఆ బరువు ఎవరు మోయాలన్న సంగతి ఇరుపక్షాలూ ముందుగా స్పష్టంగా తేల్చుకోలేదు. ధర తక్కువగా కనిపిస్తున్నంతసేపూ అడగాలని ఎవరికీ అనిపించలేదు.

అదే ఇండోనేషియా 2022 జనవరిలో బొగ్గు ఎగుమతులు కొన్ని వారాలు ఆపేసింది. ఆ వెంటనే ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, అంతర్జాతీయ మార్కెట్లో టన్ను 400 డాలర్లు దాటింది. దిగుమతి బొగ్గు ప్లాంట్లు నడిస్తే నష్టం కాబట్టి ఆగిపోయాయి. చివరికి 2022 మే 5న కేంద్రం విద్యుత్ చట్టంలోని సెక్షన్ 11ను బయటికి తీసి, దిగుమతి బొగ్గు ప్లాంట్లన్నీ పూర్తి సామర్థ్యంతో నడవాల్సిందేనని ఆదేశించింది. దివాలా ప్రక్రియలో ఉన్నవాటినీ నడిపించే ప్రయత్నం చేయమంది. అత్యవసరంలో ఆ ఆదేశం సరైనదే. కానీ ప్లాంటు ఆగిపోయాక నడపమనడం కన్నా, ధర ఏ గీత దాటితే ఎవరు ఎంత భరిస్తారో ముందే రాసుకుని ఉంటే ఏప్రిల్ హాలిడే అంత కటువుగా ఉండేది కాదు.

బొగ్గు నిల్వల విషయంలో కాస్త మెరుగు. గనులకు దూరంగా ఉన్న ప్లాంట్లు నెలను బట్టి 20 నుంచి 26 రోజుల నిల్వ ఉంచుకోవాలని 2021 చివర్లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన తెచ్చింది. ఏ ప్లాంటులో ఎన్ని రోజుల బొగ్గు ఉందో రోజూ ప్రకటిస్తుంది కూడా. ఆ సమాచారం ఢిల్లీ వెబ్‌సైటులో ఉంటుంది. అల్లూరు రొయ్యల రైతుకో చీమకుర్తి క్వారీ యజమానికో అది అందే దారి లేదు. వారం ముందు తెలిస్తే రైతు డీజిల్ సర్దుకుంటాడు, మిల్లరు పని ముందుకో వెనక్కో జరుపుకుంటాడు. తెలియకపోతే తెల్లారేసరికి ఫీడరు ఆగి ఉంటుంది.

తెల్లవారుజాము నాలుగు గంటల కరెంటు

అన్ని యూనిట్ల కరెంటూ ఒకటి కాదు. రెండు జిల్లాల వాడకాన్ని గంటల లెక్కన విడదీస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

రొయ్యల చెరువునే తీసుకుంటే, పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, మూడు నెలల మేత, పిల్ల, మందుల ఖర్చు పోసిన పంట కొద్ది గంటల్లో తేలిపోతుంది. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు నుంచి ప్రకాశం తీరం దాకా గట్ల మీద కనిపించే జనరేటర్లన్నీ ఈ భయం కోసమే. ఆక్వా జోన్లలో యూనిట్ రూ.1.50కి కరెంటు ఇస్తున్నా, డీజిల్ ఖర్చు అదనం. అంటే ఆక్వాకు కావాల్సింది చవక కరెంటుకన్నా ముందు రాత్రి ఆగని కరెంటు. రాజకీయ నాయకులు సభల్లో రాయితీ గురించే మాట్లాడతారు, చెరువు గట్టున మాత్రం నమ్మకం గురించే మాట్లాడతారు.

దీనికి పూర్తి విరుద్ధం వ్యవసాయం. పగలు తొమ్మిది గంటల ఉచిత కరెంటు సరిపోతుంది, పైగా రాత్రి మోటారు దగ్గరికి పోయి పాము కాటుకు గురికావాల్సిన పని లేదు. సోలార్ కరెంటు దొరికే వేళా అదే. గ్రానైట్ సంగతి మధ్యస్తం. చీమకుర్తి గెలాక్సీ బండను పలకలుగా కోసే యంత్రం మధ్యలో ఆగితే పలక పాడవుతుంది, కాబట్టి ఎప్పుడు పడితే అప్పుడు ఆపలేరు. కానీ పాలిషింగ్ లైను పగటికి జరపొచ్చు. ఐస్ ప్లాంటు రాత్రికి కావాల్సిన ఐసును మధ్యాహ్నమే గడ్డ కట్టించి పెట్టుకోగలదు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో కోల్డ్ రూము తలుపులు తెరవకుండా ఉంటే కొన్ని గంటలు చలి నిలుస్తుంది. మరాడించడం పగలే పెట్టుకుంటే రైస్ మిల్లుకు నష్టమేమీ లేదు.

అంటే కొరత రోజున ఆగగలిగినవాళ్లు ఉన్నారు, ఆగలేనివాళ్లు ఉన్నారు. ఇప్పటి పద్ధతిలో ఇద్దరినీ ఒకే ఫీడరు స్విచ్ ఆపుతుంది. ఆగగలిగినవాళ్లు తమంతట తామే ఆగేలా, దానికి బదులుగా మామూలు రోజుల్లో తక్కువ ధర పొందేలా ఒప్పందం ఉంటే, ఆగలేని చెరువుకు రాత్రి కరెంటు మిగులుతుంది. 2023లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం 2024 ఏప్రిల్ నుంచి 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు వేళను బట్టి ధర ఉండాలి: సోలార్ గంటల్లో మామూలు ధర కన్నా కనీసం 20 శాతం తక్కువ, గిరాకీ గంటల్లో కనీసం 1.2 రెట్లు. ఇదొక మొదలు. అయితే వేళను బట్టి ధర రోజువారీ అలవాటును మార్చగలదు గానీ, అనుకోకుండా వచ్చిపడే కొరత రోజుకు సరిపోదు. ఆ రోజుకు పేర్లతో, మెగావాట్లతో సహా వేరే జాబితా కావాలి.

ఇక పొగాకు. ప్రకాశం ఇంధన లెక్కల్లో దీన్ని ఎవరూ కలపరు, ఎందుకంటే పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లో కాలేది కరెంటు కాదు, కట్టె. కొండపి, కందుకూరు, కనిగిరి, పొదిలి చుట్టూ వర్జీనియా పొగాకు క్యూరింగ్ మొదలైతే సరుగుడు, సుబాబుల్, చిల్లకంప ట్రాక్టర్ల మీద కదులుతాయి. కట్టె ధర పెరిగితే పొగాకు రైతు లాభం పడిపోతుంది. బ్యారన్ పైకప్పుకు వేడి బయటకు పోకుండా పొర వేయడం లాంటి చిన్న పనితో కట్టె తగ్గుతుంది. ఇలాంటి వాటికి శంకుస్థాపన శిలాఫలకం ఉండదు గనుక పెద్దగా ఎవరూ మాట్లాడరు. మెగావాట్లలోనే కొలుస్తూ పోతే పశ్చిమ ప్రకాశం ఇంధన సమస్య సగం కనబడనే కనబడదు.

పడమర ఎండ, పడమర గడ్డి

తీరంలో బొగ్గు ఉంటే, పడమటి మండలాల్లో ఎండ, గాలి, బీడు భూములు ఉన్నాయి. 2024 అక్టోబర్‌లో వచ్చిన రాష్ట్ర సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం పది లక్షల కోట్ల రూపాయల పెట్టుబడుల లక్ష్యం పెట్టుకుంది. అందులో భాగంగా రిలయన్స్ 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లకు 65,000 కోట్ల రూపాయల పెట్టుబడితో ముందుకొచ్చింది. మొదటి దానికి 2025 ఏప్రిల్ 2న పీసీపల్లి మండలం దివాకరపల్లిలో మంత్రి లోకేశ్ శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, దాన్ని పులియబెట్టి గ్యాస్ తీసి, మిగిలిన పిప్పిని సేంద్రియ ఎరువుగా ఇస్తారు. రైతు భూమికి ఎకరాకు ఏడాదికి 31,000 రూపాయల కౌలు ప్రకటించారు. కనిగిరి ప్రాంతంలో వాన పడితేనే కంది పండే నేలకు అది తక్కువ మొత్తం కాదు.

ప్రశ్న నీటి దగ్గర వస్తుంది. నేపియర్ పశుగ్రాసం. దిగుబడి బాగా రావాలంటే తడి కావాలి. కనిగిరి, పీసీపల్లి ఫ్లోరైడ్ నీటితో తల్లడిల్లిన ప్రాంతాలు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు పొలాల్లోకి పూర్తిగా వచ్చేదాకా బోరే దిక్కు. గ్యాస్ ప్లాంటు వైపు నుంచి చూస్తే ఏడాది పొడవునా ఆగని గడ్డి సరఫరా కావాలి. ఊరి వైపు నుంచి చూస్తే తాగునీటి బోరు ఎండకూడదు. ఏ నెలలో ఎంత నీరు తోడవచ్చో, కరువు ఏడాదిలో ప్లాంటు ఏం చేయాలో కౌలు పత్రంతో పాటే రాసుకుంటే తగాదా రాదు. ఆ గ్యాసు మొదటి గిరాకీ దూరపు బంకులకు కాక దగ్గరి బ్యారన్లకూ రైస్ మిల్లు బాయిలర్లకూ కుదిరితే, కట్టె బాధా కొంత తీరుతుంది. ధర కలిసి వస్తుందా అన్నది వేరే లెక్క. ఆ లెక్క వేయడానికైనా కంపెనీ, పొగాకు బోర్డు, రైతు ఒక చోట కూర్చోవాలి.

భూమి విషయంలో సహకారం ఎలా ఉండకూడదో ఉలవపాడు మండలం కరేడు చూపించింది. సోలార్ ప్యానెళ్ల తయారీ ప్రాజెక్టు కోసం అక్కడ వేల ఎకరాలు సేకరించాలన్న ప్రతిపాదనపై 2025లో రైతులు రోడ్డెక్కారు. ఉలవపాడు మామిడి పేరు తెలియని తెలుగువాడు ఉండడు. అలాంటి పంట భూమి అడిగే ముందు బీడు ఎక్కడుందో చూడాల్సింది. పడమట ఎకరాకు కౌలు ఇచ్చి రైతును భాగస్వామిని చేస్తామంటున్నది ఈ రాష్ట్రమే, తూర్పున అదే రైతు నుంచి నేల మొత్తం తీసుకుంటామన్నదీ ఈ రాష్ట్రమే. సోలార్ పేరు చెప్పినంత మాత్రాన రైతు ఒప్పుకోడని అర్థమైంది.

రాత్రి కరెంటుకు తిరిగొస్తే, ఎండను రాత్రికి దాచే పంప్డ్ స్టోరేజీకి రాష్ట్రం గుర్తించిన చోట్లలో సోమశిల కూడా ఉంది. పగటి మిగులుతో నీరు పైకి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. నెల్లూరు చెరువులకు ఇంతకన్నా అతికే ఏర్పాటు లేదు. కాకపోతే ఆ కరెంటు కూడా ముందు ఎవరు ఒప్పందం చేసుకుంటే వాళ్లదే. బంగ్లాదేశ్ ముందు, మనం తర్వాత అన్న కథ మళ్లీ జరగకూడదంటే ఆక్వా లోడు కోసం ఇంత అని డిస్కం ముందే రాసుకోవాలి.

నమ్మకం ఎక్కడ తెగింది

వ్యాపారులు ప్రభుత్వంతో కూర్చోవడానికి వెనకాడితే దానికీ కారణాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో, అంటే పవర్ హాలిడే ఉన్న నెలలోనే, వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులపై విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసల నుంచి ఏకంగా రూపాయికి పెరిగింది. 2023 నుంచి ఇంధన సర్దుబాటు పేరిట, అంటే పెరిగిన ఇంధన, కొనుగోలు ఖర్చును తర్వాత వసూలు చేసే పద్దు కింద, నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా పడింది. ఆపైన 2022–23 సంవత్సరానికి 6,072 కోట్లు, 2023–24కు 9,412 కోట్ల రూపాయల సర్దుబాటు భారం 2024 చివర్లో బిల్లుల్లోకి వచ్చింది. ఎప్పుడో వాడి, సరుకు అమ్మేసి, లెక్కలు మూసేసిన కరెంటుకు ఇప్పుడు డబ్బు కట్టమంటే పాలిషింగ్ యూనిట్ యజమాని ఆ సొమ్ము ఎవరి దగ్గర వసూలు చేయాలి? ఆ భారంలో కొంత భాగం కొరత రోజుల్లో హడావిడిగా కొన్న ఖరీదైన కరెంటుది. ఆ కొనుగోళ్లు తగ్గించే మార్గం ఆగగలిగినవాళ్లు ఆగేలా పైన చెప్పిన ఒప్పందమే గనుక, కూర్చుని మాట్లాడుకుంటే మిగిలేది బిల్లులోనే కనబడుతుంది.

ప్రభుత్వం వైపు ఫిర్యాదులూ చిన్నవి కావు. బొగ్గు ధర పడినప్పుడు లాభం కంపెనీది, పెరిగినప్పుడు నష్టం డిస్కంది అన్న ధోరణి ఉంది. బూడిద మాటేమిటి? 2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ బూడిదను నూరు శాతం వాడాలంది, చుట్టూ 300 కిలోమీటర్ల లోపు రోడ్డు పనులకు వాడాలంది. ముత్తుకూరు చుట్టుపక్కల ఊళ్లలో బూడిద లారీలు, దుమ్ము, వాటి మీద రాజకీయం తప్ప ఇటుక బట్టీ వాడికి వరస ప్రకారం బూడిద అందే ఏర్పాటు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అన్నిటికన్నా విచిత్రం పరిపాలన గీతలది. నెల్లూరు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం కింద, ఒంగోలు విజయవాడ కేంద్రంగా ఉన్న మధ్య డిస్కం కింద ఉన్నాయి. రామాయపట్నం ఉన్న కందుకూరు ప్రాంతం 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. థర్మల్ కేంద్రాల్లో ఒకటి రాష్ట్ర ప్రభుత్వ సంస్థది, మిగతావి ప్రైవేటువి. రేవు మరొకరిది. విద్యుత్ నియంత్రణ మండలి కర్నూలులో. వీళ్లందరినీ ఏడాదిలో ఒక్కసారైనా ఒకే గదిలో కూర్చోబెట్టే వేదిక లేదు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పరిశ్రమల, ఎగుమతి ప్రోత్సాహక కమిటీ ఉంది నిజమే. కానీ అక్కడ నడిచేది అనుమతులు, రాయితీల దరఖాస్తుల పరిష్కారం. బొగ్గు ఓడ ఎప్పుడొస్తుందన్నది దాని అజెండాలో ఉండదు.

కొత్త చట్టమేమీ అక్కర్లేదు. వేసవికి ముందు, తుపాన్లకు ముందు, ఏడాదికి రెండుసార్లు రెండు జిల్లాల కలెక్టర్లు, రెండు డిస్కంల సూపరింటెండింగ్ ఇంజనీర్లు, థర్మల్ కంపెనీలు, రేవు యాజమాన్యం, ఆక్వా రైతు సంఘాలు, గ్రానైట్, రైస్ మిల్లు, పొగాకు ప్రతినిధులు కలిసి కూర్చుంటే చాలు. ఎవరు ఎన్ని గంటల నోటీసుతో ఎంత లోడు తగ్గించగలరో రాసుకుని, దానికి తగిన ధర తగ్గింపు కోసం డిస్కంలు నియంత్రణ మండలికి వెళ్లాలి. ఏటా టారిఫ్ ప్రతిపాదనల మీద బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా అభ్యంతరం, సూచన రాసి పంపవచ్చు. ఇప్పటిదాకా ఆ విచారణకు సంఘాలు విడివిడిగా పోయి, తమ రేటు తగ్గించమని మాత్రమే అడుగుతున్నాయి. ఆక్వా తగ్గించమంటే ఆ భారం పరిశ్రమ మీద, పరిశ్రమ తగ్గించమంటే ఇంటి మీద పడుతుంది. ఉమ్మడిగా పోయి, తాము ఆగగలిగిన మెగావాట్లను బేరానికి పెడితే మాట బరువు మారుతుంది.

తుపాన్ల సంగతి కూడా ఇందులో భాగమే. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు నెల్లూరును ముంచెత్తింది. స్తంభాలు కూలితే ఎంత ఉత్పత్తి ఉన్నా వృథా. ఆ రోజు కావాల్సింది డీజిల్, క్రేన్లు, మనుషులు. ఇవన్నీ రేవు దగ్గరా థర్మల్ కంపెనీల దగ్గరా మామూలు రోజుల్లోనే ఉంటాయి. వాటిని ఏ షరతు మీద వాడుకోవచ్చో తుపాను హెచ్చరిక వచ్చాక మాట్లాడుకుంటే ఆలస్యమే.

రిఫైనరీ ముందు మిగిలిన వ్యవధి

ఇప్పుడు అందరి చూపూ రామాయపట్నం మీద ఉంది. ఏడాదికి 90 లక్షల టన్నుల సామర్థ్యంతో భారత్ పెట్రోలియం రిఫైనరీ, పెట్రోకెమికల్ సముదాయం ఇక్కడ పెట్టాలని చూస్తోంది. 2024 డిసెంబర్‌లో కంపెనీ బోర్డు ముందస్తు పనులకు 6,100 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కృష్ణపట్నం పక్కన క్రిస్ సిటీ పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇవి రెండూ నిలబడితే ఈ తీరం కరెంటు పంపే చోటే కాదు, భారీగా మింగే చోటు కూడా అవుతుంది.

రిఫైనరీ వస్తే ఇక్కడ పెట్రోలు, డీజిల్ చవకవుతాయన్న ఆశకు ఆధారం లేదు. శుద్ధి చేసిన సరుకు ధర అంతర్జాతీయ మార్కెట్‌కు ముడిపడి ఉంటుంది, పైన రాష్ట్ర వ్యాట్ ఉంటుంది. నెల్లూరు లారీలు తమిళనాడు సరిహద్దు దాటాక ట్యాంకు నింపుకునేది ఆ పన్ను తేడా వల్లే, రిఫైనరీ దూరం వల్ల కాదు. దేశం ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నంతకాలం తీరానికి రిఫైనరీ వచ్చినా ముడి చమురు సముద్రం దాటి రావాల్సిందే. వచ్చే మేలు వేరు: తుపానులోనో యుద్ధంలోనో సరఫరా తెగినప్పుడు దగ్గర్లో నిల్వ ఉండటం, ఆసుపత్రి జనరేటరుకూ చెరువు గట్టు జనరేటరుకూ డీజిల్ అందడం. ఆ మేలు కూడా దానంతట అది రాదు, కోరి రాయించుకోవాలి.

కంపెనీకి భూమి, నీరు, కరెంటు, రాయితీల ఒప్పందాలు రాస్తున్న దశ ఇది. విపత్తు రోజుల్లో రెండు జిల్లాలకు ఇంత డీజిల్ పక్కన పెట్టాలని, రిఫైనరీ సొంత విద్యుత్ కేంద్రంలో మిగులు ఉంటే కొరత రోజున ముందుగా నిర్ణయించిన ధరకు డిస్కంకు ఇవ్వాలని, తీసుకునే నీటి లెక్క నెలనెలా బయటపెట్టాలని రాయితీల జీవోలోనే షరతులుగా చేర్చవచ్చు. కంపెనీకి కావాల్సింది కూడా ఇలాంటి స్పష్టతే: ఏ సుంకం ఎన్నేళ్లు మారదో, కోత వస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారో, పాత సర్దుబాటు బిల్లు మళ్లీ తలుపు తట్టదని ఎవరు హామీ ఇస్తారో. రెండు వైపుల కోరికలూ ఒకే పత్రంలో పట్టేవే. అల్ట్రా మెగా ప్రాజెక్టు ఒప్పందంలో లేకుండా పోయిన ఇంధన ధర నిబంధనను ఈసారి మొదటి పేజీలోనే చూసుకోవడానికి జిల్లా యంత్రాంగానికీ, పరిశ్రమ సంఘాలకూ సమయం ఇంకా ఉంది.